వాయుగుండం రోజుల్లో పెద్ద కుక్కలతో బండి ప్రయాణం: బయల్దేరేలోపే చూసుకోవాల్సినవి

మన నెల్లూరు, ఒంగోలు వైపు చలికాలంలో దూరాలు వెళ్లాలంటే భయపెట్టేది వాన. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం ఈ మూడు నెలల్లోనే పడుతుంది. పొద్దున చూస్తే ఎండ కాస్తుంటుంది, సాయంత్రానికి బంగాళాఖాతంలో అల్పపీడనం అంటారు, అది వాయుగుండమై తుపానయ్యేలోపు మనం ఎక్కడో రోడ్డు మీద ఉంటాం. ఇలాంటి రోజుల్లో టెంపో ట్రావెలర్‌నే ఇల్లులా మార్చుకుని, వెనక రెండు పెద్ద కుక్కల్ని ఎక్కించుకుని తిరిగేవాళ్లలో మేమూ ఉన్నాం. మా రాజా జర్మన్ షెపర్డ్, 40 కిలోలు, తొమ్మిదేళ్లు. లక్కీ ల్యాబ్రడార్, 36 కిలోలు. వాటిని ఇంట్లో వదిలి వెళ్లడం మాకు చేతకాదు. చాలామందికి చేతకాదని తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

2023 డిసెంబర్ 3, ఆదివారం సాయంత్రం ఒంగోలు నుంచి నెల్లూరు బయల్దేరాం. మిగ్‌జాం తుపాను నెల్లూరు, మచిలీపట్నం మధ్య ఎక్కడో తీరం దాటుతుందని అప్పటికే చెబుతున్నారు. రెండు గంటల దారే కదా, ఇంటికి పోయి పడుకుందాం అనుకున్నాం. కావలి వచ్చేసరికి వైపర్లు ఎంత వేగంగా కొట్టినా ముందు లారీ వెనక లైటు కనబడలేదు, ఎత్తు బండి కాబట్టి గాలికి పక్కకి లాగేస్తోంది. సరే, ఇక్కడే ఆగుదామని లాడ్జీలు అడిగాం. మూడు చోట్ల కుక్కలనగానే వద్దన్నారు. వాళ్లని తప్పు పట్టను, తడిసిన 40 కిలోల కుక్కని చూస్తే ఎవరికైనా భయమే. చివరికి ఒక కల్యాణ మండపం వాచ్‌మన్ గేటు తీసి, "కరవవు కదా సార్? అయితే ఆ షెడ్డు కిందకి తీసుకోండి" అన్నాడు. 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తుపాను తీరం దాటేదాకా అక్కడే ఉన్నాం.

ఆ రాత్రి నాకు బాగా గుర్తున్నది గాలి కాదు, రాజా. వాడికి చిన్నప్పటి నుంచి ఇంటి బయట, మట్టిలోనే మూత్రం పోయడం అలవాటు. వానలోకి దింపితే ఉరుముకి భయపడి తోక కాళ్ల మధ్య పెట్టుకుని మళ్లీ బండెక్కేశాడు. బండిలో పోయడు. పద్నాలుగు గంటలు అలా బిగబట్టుకుని, నా మోకాలికి ఆనుకుని, వెనక కాళ్లు సన్నగా వణుకుతుంటే నిలబడే ఉన్నాడు. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను: ప్రయాణానికి నెల ముందే, చిన్న వానలో గొడుగు పట్టుకుని బెల్టుతో తీసుకెళ్లి పోయడం అలవాటు చెయ్యండి. బండిలో ఒక సంచి ఇసుక పెట్టుకోండి, దాన్ని పాత పట్టా మీద పరిస్తే చాలా కుక్కలు అందులో పోయడానికి ఒప్పుకుంటాయి. రాజాకి మూడు వారాలు పట్టింది.

రెండోది, అన్నిటికన్నా పెద్దది, ఆగే చోటు. చిన్న కుక్కయితే చంకన పెట్టుకుని ఎవరింట్లోనైనా తల దాచుకోవచ్చు. పెద్ద కుక్కకి లాడ్జీ దొరకదు, పునరావాస కేంద్రంలో పిల్లల మధ్యకి తీసుకెళ్లలేం, మొలలోతు నీళ్లలో ఎత్తుకుని నడవలేం. కాబట్టి ఎక్కడ ఆగుతామో దారి మధ్యలో వెతుక్కునే పని కాదు, ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. మేం ఇప్పుడు ప్రతి 50, 60 కిలోమీటర్లకి ఒక చోటు ముందే ఫోన్ చేసి మాట్లాడుకుంటాం. తెలిసినవాళ్ల నిమ్మతోట షెడ్డు కావచ్చు, రైస్ మిల్లు ఆవరణ కావచ్చు, కల్యాణ మండపం కావచ్చు. ఆ వరసలో ఒక్క చోటు కూడా ఖాయం కాకపోతే ఆ రోజు బయల్దేరం. పెళ్లయినా సరే.

ఆ చోటు ఎలాంటిదో కూడా అడగండి. చెరువు కట్ట కింద వద్దు, చెరువు నిండి కలుజు మీంచి నీళ్లు పొర్లితే ముందు మునిగేది అదే. రొయ్యల గుంటల మధ్య దారుల్లో వద్దు, చింతచెట్టు కింద, హోర్డింగు పక్కన అసలే వద్దు. బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా నిలపండి, పక్కవాటుగా గాలి కొడితే ఎత్తు బండి ఊగిపోతుంది, కుక్కలు ఇంకా బెదురుతాయి.

హైవే ఉంది కదా, మునగదు అనుకోకండి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారికీ గండి పడి రెండు వైపులా బండ్లు ఆగిపోయాయి. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు పల్లె దారి ఉంది రమ్మంటారు. ఆ దారుల్లో చప్టాలుంటాయి. మన్నేరు, పాలేరు, ముసి లాంటి ఏర్లు మామూలు రోజుల్లో పాదం తడవనట్టుంటాయి, పైన వాన పడితే గంటల్లో వచ్చేస్తాయి. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారుని కదిలిస్తాయి, రెండడుగులైతే మన ట్రావెలర్ లాంటి దాన్నీ తోసేస్తాయి. కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో బురద నీళ్లలో కనబడదు. ముందు లారీ దాటింది కదా అని దిగొద్దు. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యకండి, లోపలికి నీళ్లు పోయుంటే ఇంజనే పోతుంది. కుక్కల బెల్టులు బండికి కట్టి ఉంటే ముందు అవి విప్పండి.

నిలిచిన నీళ్లలో ఇంకో ప్రమాదం కరెంటు. మనం చెప్పులేసుకుంటాం, కుక్క నాలుగు కాళ్లూ నేల మీదే. స్తంభం దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నీళ్లుంటే అటు నడిపించకండి. కుక్క ఉన్నట్టుండి కుయ్యిమని అరిచి పడిపోతే పరిగెత్తి పట్టుకోవద్దు, మీకూ కొడుతుంది. 1912కి ఫోన్ చేసి కరెంటు తీయించండి.

బండిలో కుక్కని కట్టకుండా కూర్చోబెట్టడం మన దగ్గర చాలా మామూలు. 40 కిలోల కుక్క సడన్ బ్రేకుకి ముందుకి వచ్చి పడితే డ్రైవర్ మెడ విరగొచ్చు. మెడ పట్టీకి కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్‌కి కట్టి, ఆ తాడుని సీటు కింద ఇనుప కమ్మీకి బిగించండి, లేచి తిరగగలిగేంత పొడుగు చాలు. ఇంకోటి, కిటికీలు మూసి రెండు పెద్ద కుక్కలు రొప్పుతుంటే పది నిమిషాల్లో ముందు అద్దం లోపల తెల్లగా కమ్మేస్తుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ వస్తుంది. ఏసీ వేసి గాలిని అద్దం మీదకి తిప్పండి, వెనక కిటికీ రెండు వేళ్లంత తెరవండి. వాన ఆగి ఎండ వచ్చిందంటే డిసెంబర్‌లో కూడా మూసిన బండి పొయ్యిలా మారుతుంది, టీ తాగి వద్దామని లోపల వదిలి తాళం వెయ్యొద్దు. ఆగి ఉన్న బండిలో తలుపులన్నీ మూసి గ్యాస్ స్టవ్ మీద వంట కూడా వద్దు, ఆ మంట నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

తిండి విషయంలో ప్రేమ తగ్గించుకోవాలి. పెద్ద, లోతైన ఛాతీ ఉన్న కుక్కలకి కడుపు ఉబ్బి మెలితిరిగే జబ్బు వస్తుంది. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి వాటికి ఎక్కువ. కడుపు నిండా పెట్టి వెంటనే బండి ఎక్కించకండి, రెండు మూడు గంటల ముందే పెట్టండి, అదీ కొంచెం కొంచెంగా రెండు మూడు సార్లు. వాంతి చేసుకోవాలని పదే పదే ఓకరిస్తూ ఏమీ రాకుండా, పొట్ట డప్పులా బిగిసి, నురగ కారుతుంటే తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. దానికి ఆపరేషనే, గంటలు కూడా లెక్కే. దారిలో ఆపరేషన్ చేయగల పశువైద్యుడు ఎక్కడున్నాడో ముందే కనుక్కుని నంబరు రాసుకోండి. తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నెల్లూరు నుంచి సుమారు 130 కిలోమీటర్లు.

నీళ్లు కిలోకి రోజుకు 50, 60 మిల్లీలీటర్లు లెక్క వేసుకుంటే 40 కిలోల కుక్కకి రెండు, రెండున్నర లీటర్లు. రెండు కుక్కలకి మూడు రోజులకి 15 లీటర్లు, అంటే ఒక 20 లీటర్ల క్యాన్ వాటికే. ఆ తుపానప్పుడు మేం తీసుకెళ్లింది నాలుగు బాటిళ్లు. గుంటలో నీళ్లు తాగనివ్వకండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది కుక్క నుంచి మనకీ రావచ్చు. దానికి టీకా ఉంది, వానలకి ముందే పశువైద్యుణ్ణి అడిగి, వేసిన తేదీ చూసుకోండి. ఉరుములకి బెదిరే కుక్కకి మాత్ర రాయిస్తే మొదటిసారి ఇంట్లోనే వేసి చూడండి. జ్వరమని మన పారాసిటమాల్ మాత్రం వెయ్యొద్దు, కుక్కలకి విషం కావచ్చు.

తడిస్తే తువ్వాలుతో పైపైన తుడిచి వదిలెయ్యకండి. వేళ్ల మధ్య, చెవి లోపలి అంచు, మెడ పట్టీ కింద, చంకలు. లక్కీకి ఆ రెండు రోజుల్లో పట్టీ కింద తడి ఆరక రూపాయి బిళ్లంత మేర వెంట్రుక ఊడి ఎర్రగా చీము పట్టింది. అప్పటి నుంచి బండిలో పాత నూలు తువ్వాళ్లు ఎనిమిది, రాత్రి పట్టీ తీసెయ్యడం.

రాత్రి ఆగిన చోట పొదల వైపు వదలొద్దు. నీళ్లు చేరితే పాములు గట్టు వెతుక్కుంటాయి, కుక్క ముక్కుతోనే వెతుకుతుంది కాబట్టి కాటు మూతి మీదే పడుతుంది. రక్తపింజర, కట్లపాము మన దగ్గర తక్కువేం కాదు. కరిస్తే కొయ్యడం, బిగించి కట్టడం ఏదీ వద్దు, నడిపించకుండా ఎత్తుకుని బండిలో వేసి పశువైద్యుడి దగ్గరికి. యాంటీవీనమ్ కుక్కలకీ ఇస్తారు. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లకైతే, ఆ అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు, పగలు కూడా కుక్కని దారిలో దించకండి. చిరుతకి కుక్క ఆహారం.

బయల్దేరే రోజు వాతావరణ శాఖ జిల్లా హెచ్చరిక ఏ రంగులో ఉందో చూడండి. ఆరెంజ్ అంటే మేం ఆగుతాం, రెడ్ అంటే మాటే లేదు. మూడేసి గంటలకి ఇచ్చే నౌకాస్ట్, అంటే రాబోయే కొద్ది గంటల వాతావరణ సూచన, దారిలో పనికొస్తుంది, విపత్తు హెచ్చరికలు పంపే 'సచేత్' యాప్ ఫోన్‌లో ఉంచుకోండి. హైవే మీద ఇబ్బందికి 1033, పశువుల అంబులెన్సుకి 1962. టవర్లు పోతే ఫోన్‌పే ఉండదు, చిల్లరతో సహా నగదు, నిండా డీజిల్ ఉంచుకోండి. రేబిస్ టీకా కాగితం ఒకటి ప్లాస్టిక్ కవర్లో, పట్టీకి మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల.

ఇంటికి చేరాక ఆ రాత్రే గోరువెచ్చని నీళ్లతో కాళ్లు, పొట్ట కడగండి, పిడుదులున్నాయేమో చెవుల వెనక, వేళ్ల సందుల్లో వేలు పెట్టి చూడండి. తర్వాత రెండు వారాలు తిండి మానేసినా, వాంతులైనా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, చిగుళ్లు పసుపుగా కనబడినా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, వరద నీళ్లలో నడిచిందని ఆయన అడక్కముందే చెప్పండి.