నాన్న లెక్క పుస్తకం నుంచి క్లాసు దాకా: కొత్తగా యాప్‌లు రాసేవాళ్ళకి

మాది కాశీబుగ్గ. నాన్న ఉద్దానం ఊళ్ళ నుంచి జీడి పిక్కలు కొని, పప్పు తీయించి అమ్ముతారు. నేను యాప్‌లు రాస్తాను. డిగ్రీలో ఊప్స్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) అంటే నాకు నాలుగు నిర్వచనాలే: ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్. పరీక్షలో గడగడా రాసేశాను. తీరా నాన్న కోసం మొదటి యాప్ మొదలుపెడితే వాటిలో ఒక్కటీ చేతికి అందలేదు. అందుకే మీకు ఆ వరసలో చెప్పను.

ముందు ల్యాప్‌టాప్ తెరవకండి. మీకు బాగా తెలిసిన ఒక పని తాలూకు లెక్క పుస్తకం అడిగి తెచ్చుకోండి. పొందూరులో మగ్గం లెక్కైనా సరే, రాజాంలో కిరాణా కొట్టైనా సరే. అందరూ చేసే లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు మాత్రం వద్దు. మీరెప్పుడూ లైబ్రరీ నడపలేదు, కాబట్టి లెక్క తప్పినా మీకు కనపడదు. అసలు ఊప్స్ అనే ఈ పద్ధతి పుట్టిందే బయటి ప్రపంచంలో జరిగే పనిని కంప్యూటర్‌లో నడిపి చూడడానికి. నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు అందుకోసమే సిమ్యులా భాష చేశారు. క్లాసు, ఆబ్జెక్టు అనేవి దాని 1967 రూపంలో వచ్చాయి.

నాన్న పుస్తకంలో ఒక్కో రైతుకి ఒక్కో పేజీ. 80 కిలోల బస్తాలు ఎన్ని దించారు, ఎంత ఇచ్చాం, ఎంత బాకీ. పైన గీసిన గడులు అందరికీ ఒకటే, నింపిన అంకెలు ఎవరివి వాళ్ళవి. గడులు క్లాసు, నింపిన పేజీ ఆబ్జెక్టు. ఇప్పటికి ఇంత చాలు.

ఇక అసలు సంగతికొస్తాను. నా మొదటి యాప్‌లో నిల్వ ఒక మామూలు వేరియబుల్. అమ్మకం స్క్రీను దాన్ని తగ్గించేది, కొనుగోలు స్క్రీను పెంచేది, దిద్దుబాటు స్క్రీను ఏకంగా అంకె మార్చేసేది. సంక్రాంతి ముందు ఒక సాయంత్రం నాన్న ఫోను పట్టుకుని వచ్చారు. “ఏటమ్మా ఇది? మైనస్ 12 కిలోల పప్పు గొడౌన్లో ఎలగుంటాది?” మూడు స్క్రీన్లలో ఏది చెడగొట్టిందో పట్టుకోడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

ఆ తప్పు నాన్న పుస్తకంలో ఎన్నడూ రాలేదు. ఆ పుస్తకంలో నాన్న తప్ప వేరెవరూ రాయరు మరి. గొడౌన్ కుర్రాడు చీటీ తెస్తాడు. నాన్న పేజీ చూస్తారు. సరుకుంటే తగ్గించి రాస్తారు, లేకపోతే చీటీ వెనక్కి ఇచ్చేస్తారు. ఎన్‌క్యాప్సులేషన్, అంటే అంకెని దాని సొంతదారు ద్వారా తప్ప ఎవరినీ మార్చనివ్వకపోవడం, నాకు అర్థమైంది ఆ చీటీ దగ్గరే.

ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కోట్లిన్ భాషలో దాన్ని ఇలా రాయండి. నిల్వ అనే క్లాసు, దాని లోపల గ్రాములు అనే వేరియబుల్. ఆ వేరియబుల్ కింద ‘ప్రైవేట్ సెట్’ అని పెట్టండి. ఇక బయటి కోడు అంకె చూడగలదు, మార్చలేదు. తగ్గించాలంటే ‘అమ్ము’ అనే ఫంక్షన్ని పిలవాలి. దాని మొదటి వరసలో ‘రిక్వైర్’తో రెండు షరతులు: అడిగిన గ్రాములు సున్నా కంటే ఎక్కువ ఉండాలి, ఉన్న నిల్వని మించకూడదు. షరతు తప్పితే అక్కడే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని చెప్పి పని ఆపేసే సంకేతం) వస్తుంది, కింది వరసలో ఉన్న తీసివేత జరగదు. పెంచడానికి ‘చేర్చు’ అని ఇంకో ఫంక్షన్, అంతే. కిలోలు అనకుండా గ్రాములు అన్నది కావాలనే. దశాంశ అంకెలు దాచే డబుల్ రకంలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. బరువుని గ్రాముల్లో, డబ్బుని పైసల్లో పూర్ణాంకాలుగా దాచండి.

ఇన్‌హెరిటెన్స్, అంటే ఒక క్లాసులో ఉన్నవి వాడుకుంటూ దాని కింద ఇంకో క్లాసు రాయడం, దాని దగ్గర నిదానించండి. నేను పప్పు అనే క్లాసు రాసి, దాని కింద గుండు, బద్ద, ముక్క అని మూడు క్లాసులు, గుండు కింద మళ్ళీ 180, 210, 240, 320 గ్రేడులకి నాలుగు క్లాసులు రాశాను. తెరిచి చూస్తే వాటి మధ్య పేరూ ధరా తప్ప ఏ తేడా లేదు. 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుళ్ళు తూగే రకమని అర్థం. దానికి క్లాసెందుకు? గ్రేడ్ అనే ఒక్క ఫీల్డు సరిపోతుంది. ఏడు క్లాసులూ తీసేశాను.

చేసే పని మారిన చోట వేరే క్లాసు కావాలి. మాకది చెల్లింపు దగ్గర వచ్చింది. నగదైతే గల్లాపెట్టె లెక్క పెరగాలి, అరువైతే ఖాతాలో బాకీ పెరగాలి, యూపీఐ అయితే లావాదేవీ నంబరు రాసుకోవాలి. చెల్లింపు అని ఒక ఇంటర్‌ఫేస్ (ఏ ఫంక్షన్లు ఉండాలో చెప్పే ఒప్పందం లాంటిది), అందులో ‘నమోదు’ అని ఒకే ఫంక్షన్. మూడు క్లాసులూ దాన్ని తమ తమ తీరులో రాస్తాయి. బిల్లు స్క్రీను ‘నమోదు’ని పిలుస్తుంది, వచ్చింది నగదో అరువో దానికి అనవసరం. తర్వాత ఒక హోల్‌సేల్ వ్యాపారి చెక్కులు ఇవ్వడం మొదలుపెడితే నాలుగో క్లాసు చేర్చాను, బిల్లు కోడు ముట్టుకోలేదు. పాలిమార్ఫిజం అంటే అదే.

కోట్లిన్‌లో ‘ఓపెన్’ అని రాస్తే తప్ప మామూలు క్లాసు కింద ఇంకో క్లాసు రాయనివ్వదు. ఆ అడ్డు మీ మంచికే. ఆండ్రాయిడ్‌లో మొదటి రోజే యాక్టివిటీ అనే రెడీమేడ్ స్క్రీను క్లాసు కింద మీ క్లాసు రాసి, అందులోని ‘ఆన్‌క్రియేట్’ ఫంక్షన్ని ఓవర్‌రైడ్ చేస్తారు, అంటే మీ తీరులో తిరగరాస్తారు, మొదట్లో ఇన్‌హెరిటెన్స్ అవసరం అంతవరకే.

ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ లేకపోతే యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియోతో కుస్తీ పట్టకండి. కోట్లిన్ ప్లేగ్రౌండ్ బ్రౌజర్లోనే నడుస్తుంది. మొదటి నెల స్క్రీన్లూ రంగులూ వద్దు. నిల్వ క్లాసు ఒక్కటి రాయండి. అందులో 10000 గ్రాములు పెట్టి, 12000 అమ్మి చూడండి. ఎర్ర అక్షరాలతో ఎక్సెప్షన్ రావాలి. వచ్చాక ఆ అమ్మకాన్ని ‘ట్రై’, ‘క్యాచ్’ మధ్య పెట్టి, దాని కింద నిల్వని ప్రింట్ చెయ్యండి, ఇంకా 10000 ఉండాలి. ‘ట్రై’, ‘క్యాచ్’ లేకపోతే ఎక్సెప్షన్ దగ్గరే ప్రోగ్రాం ఆగిపోతుంది, ప్రింట్ దాకా రాదు.