తక్కువ డబ్బుతో వాంపైర్ కామెడీ తీయాలంటే ముందు రూల్స్ రాసుకోండి

వాంపైర్ (రక్తం తాగే దయ్యం) కామెడీ షార్ట్ ఫిల్మ్ అనుకోగానే చాలామంది ముందు నల్ల కోటు, కోరపళ్లు ఆర్డర్ పెట్టేస్తారు. అవి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మీ వాంపైర్ ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్నది రాసుకోండి. ఖర్చు ఎంతవుతుందో, నవ్వు ఎక్కడ పుడుతుందో రెండూ ఆ కాగితం మీదే తేలిపోతాయి.

ఎండ సంగతే తీసుకోండి. ఎండ తగిలితే వాంపైర్ చచ్చిపోతాడని అందరం అనుకుంటాం గానీ, 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన నవలలో డ్రాకులా అనే వాంపైర్ పట్టపగలే లండన్ వీధుల్లో కనిపిస్తాడు, పగటిపూట అతని శక్తులు తగ్గుతాయంతే. సూర్యకాంతికి వాంపైర్ మాయమైపోవడం 1922 నాటి జర్మన్ మూకీ సినిమా ‘నోస్ఫెరాటు’ నుంచి పాతుకుపోయింది. కాబట్టి నైట్ షూట్‌కి లైట్లు, జనరేటర్ అద్దెకు తెచ్చుకునే డబ్బు లేకపోతే ఆ రూల్ తీసేయండి, తప్పేం లేదు. మీ వాంపైర్ మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకుని రేషన్ షాపు క్యూలో నిలబడొచ్చు. కాకపోతే ఏ రూల్ పెట్టుకున్నా మొదటి రెండు నిమిషాల్లో చూసేవాళ్లకు తెలిసిపోవాలి, తర్వాత ఎంత అవసరమొచ్చినా దాన్ని మీరే తప్పకూడదు.

నా మటుకు నాకు అన్నిటికన్నా విలువైన రూల్ గడప. ఇంట్లోవాళ్లు పిలవందే వాంపైర్ లోపలికి రాలేడు. పైసా ఖర్చు లేదు, పైగా ఎవరొచ్చినా మొహం కూడా చూడకుండానే ‘రండి, రండి’ అనే మన ఇళ్లలో ఈ రూల్ పండినట్టు ఇంకెక్కడా పండదు. మామ్మగారు తలుపు తీశారనుకోండి. ‘ఎవరు బాబూ?’ ‘మీ మనవడి ఫ్రెండ్‌నండి.’ ‘వాడు లేడే, ఎండన పడి వచ్చావు, ఉండు మంచినీళ్లు తెస్తా’ అని లోపలికెళ్లి గ్లాసు తెచ్చి గడప మీంచే అందిస్తారు. తర్వాత పకోడీలూ అక్కడికే వస్తాయి, కుర్చీ కూడా బయటే వేస్తారు. ఆ ఒక్క ‘లోపలికి రా’ మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. చూసేవాళ్లకు రూల్ తెలుసు, మామ్మగారికి తెలియదు, ఆ తేడా మీద మూడు నిమిషాల సీన్ హాయిగా నడుస్తుంది. కెమెరాని ఇంటి లోపల నేలకి దించి పెట్టి, గడపకి అంగుళం అవతల ఆగిపోయిన చెప్పుల ముందు భాగం ఒక్క షాట్ తీసుకోండి, భయం మొత్తం అందులోనే ఉంటుంది. నటుడికి మాత్రం ఇది కామెడీ అని అస్సలు చెప్పకండి. వాడు నిజంగా ఆకలితో ఉన్నాడు, అంతే.

ఇలా మాటకు కట్టుబడే దయ్యం మనవాళ్లకు కొత్తేమీ కాదు. తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాస్తే చదువుకుని వెనక్కి వెళ్లిపోతుందని ఊళ్లకు ఊళ్లే నమ్మాయి కదా. తూర్పు ఐరోపా జానపద కథల్లో ఇంకోటి ఉంది: గింజలు చల్లితే వాంపైర్ వాటిని లెక్కపెట్టకుండా కదల్లేడు. అరకిలో ఆవాలు తెచ్చుకోండి, క్లైమాక్స్‌కి సరిపోతాయి.

ఇక రక్తం. దిష్టి తీసే ఎర్రనీళ్లు అచ్చం రక్తంలా ఉంటాయి కదా అని మాత్రం వాడకండి. పసుపులో సున్నం కలిస్తేనే ఆ రంగు వస్తుంది, సున్నం కంట్లోనో నోట్లోనో పడితే చాలా ప్రమాదం. కుంకుమ నీళ్లు కూడా వద్దు, పొడి అడుక్కి దిగిపోతుంది. కప్పు పంచదారకి అరకప్పు నీళ్లు పోసి మరిగించి, తీగపాకం రాకముందే దించండి. ఒక చెంచాడు వేడి పాకంలో చిటికెడు కోకో పొడి ముద్దలా కలుపుకుంటే ఉండలు కట్టదు, దాన్ని మిగతా పాకంలో వేసి ఎర్ర ఫుడ్ కలర్ కలపండి. చల్లారాక తెల్ల ప్లేటులో ఒక చుక్క వేసి, ప్లేటు వంచి, అది జారుతుంటే ఫోన్ కెమెరాలో చూడండి. పలచబడిన అంచు గులాబీ రంగులో కనిపిస్తే ఇంకాస్త కోకో పడాలి. బ్లాక్ అండ్ వైట్‌లో తీసేవాళ్లకు ఈ గొడవే లేదు, 1960 నాటి హిచ్‌కాక్ సినిమా ‘సైకో’లో బాత్రూమ్ హత్య సీన్‌కి రక్తంగా చాక్లెట్ సిరప్పే వాడారు.

పంచదారతో వచ్చే చిక్కు చీమలు. మేం మేడ మీద తీస్తున్నప్పుడు భోజనాలు అయ్యేసరికి మా నటుడి చొక్కా కాలర్ నిండా చీమలు పట్టాయి, పాపం ఆ కుర్రాడి మెడంతా దద్దుర్లు వచ్చి ఆ రోజుకి షూటింగ్ ఆపేయాల్సి వచ్చింది. ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది. అందుకని రక్తం గిన్నెని నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి, బ్రేక్ రాగానే తడిగుడ్డతో తుడిచి చొక్కా మార్చేయండి. ఒకే రకం చొక్కాలు మూడు కొనండి, మరక లేని షాట్లన్నీ ముందు తీసేయండి.

పళ్ల సెట్ మొత్తం నోట్లో పెట్టుకుంటే మాట రాదు, చొంగ కారుతుంది. రెండు కోరలే పెట్టండి. వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ పూసలు వాటితోపాటే వస్తాయి, కొంచెం చల్లారాక పంటికి అచ్చు పోసుకోవచ్చు. ఫెవిక్విక్ జోలికి పోవద్దు. డైలాగ్ ఉన్న వైడ్ షాట్లలో (దూరం నుంచి తీసేవాటిలో) కోరలు తీసేసినా ఎవరికీ తెలియదు. రంగు కళ్ల కోసం చవక లెన్సులు కూడా వద్దు, కళ్లతో ప్రయోగాలు చేయకండి. నటుణ్ణి తెల్లగా మార్చాలని పౌడర్ కొట్టడం నాకు అస్సలు నచ్చదు, చామనఛాయ వాంపైర్ ఎందుకు ఉండకూడదు? కళ్ల కింద కాటుక వేలితో లీలగా అద్దితే చాలు.

వాంపైర్ అద్దంలో కనిపించడన్న రూల్ పెట్టుకుంటే, అది చూపించడం కష్టమేం కాదు. ట్రైపాడ్ కదపకుండా, ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగు) మారకుండా లాక్ చేసి, నటుడితో ఒకసారి, నటుడు లేకుండా ఒకసారి తీయండి. ఎడిటింగ్‌లో అద్దం మేరకు రెండో షాట్ అతికించాలి, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే అయిపోతుంది. నటుడి ఒళ్లు అద్దానికి అడ్డం రాకుండా నిలబెట్టండి, ఫ్యాన్ ఆపండి, కర్టెన్ కదిలినా అతుకు దొరికిపోతుంది. ఈ రూల్ పెట్టుకుంటే ఫోన్ కెమెరాలో కనిపిస్తాడా లేదా అన్నది కూడా కాగితం మీద రాసుకోవాలి. కనిపించడంటే ఆధార్ సెంటర్‌లో ఫోటో సీన్ మీకు ఉచితంగా దొరికినట్టే.

నీడకి ఫోన్ టార్చ్ ఒక్కటి చాలు. మిగతా లైట్లన్నీ ఆపేసి, టార్చ్ నేల మీద పెట్టి, చెయ్యి దానికి దగ్గరగా తెస్తే గోడ మీద నీడ పెద్దదవుతుంది. కాగితం చుట్టి గోళ్లు చేసుకోండి.

వాంపైర్ గబ్బిలంగా మారినా ఆ గబ్బిలాన్ని చూపించకండి. రబ్బరు బొమ్మ ఎంత మంచిదైనా బొమ్మే. నల్ల గొడుగు ఒకటి మైక్ దగ్గర టపటపా తెరుస్తూ మూస్తూ రికార్డ్ చేసుకుని, ఆ శబ్దానికి మామ్మగారు తల వంచి, ‘ఈ పావురాలతో చచ్చిపోతున్నాం’ అని చీపురు అందుకునే షాట్ తీసుకోండి.