వాల్వ్ కాయిల్‌ని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కొలవండి

పోయిన మే నెలలో ములుగు నుంచి మిట్టమధ్యాహ్నం హనుమకొండ వచ్చాను. ఐడ్లింగ్‌లో ఇంజిన్ ఎగిరెగిరి పడుతోందని బానెట్ ఎత్తి, వెంటనే పర్జ్ వాల్వ్‌కి (ట్యాంక్‌లోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే కరెంట్ వాల్వ్) మల్టీమీటర్ పెడితే 31 ఓమ్స్ చూపించింది. నా బండి మాన్యువల్‌లో 24 నుంచి 28 అని ఉంది కాబట్టి కాయిల్ పోయిందనుకుని కొత్తది కొన్నాను. మర్నాడు పొద్దున పాతదాన్నే కొలిస్తే 26! దానికి ఏమీ కాలేదు.

కాయిల్ అంటే రాగి తీగ చుట్టే. వేడెక్కితే డిగ్రీకి దాదాపు 0.4 శాతం రెసిస్టెన్స్ పెరుగుతుంది. మాన్యువల్ అంకెలు సాధారణంగా 20 డిగ్రీల దగ్గరవి, అందుకే 26 ఓమ్స్ కాయిల్ 70 డిగ్రీల దగ్గర 31 చూపించడం సహజం. మన వరంగల్ ఎండల్లో ఈ పని పొద్దున్నే పెట్టుకోండి, బండి రాత్రంతా ఆగి ఉండాలి.

ఇగ్నిషన్ ఆపి కీ తీసేయండి. కనెక్టర్ తప్పకుండా ఊడదీయాలి, లేకపోతే ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సర్క్యూట్ కూడా కలిసి అంకె తప్పుగా వస్తుంది. పాత బండ్లలో ఆ ప్లాస్టిక్ లాక్ వేడికి పెళుసుబారి ఉంటుంది, చిన్నగా బొటనవేలితో నొక్కి కనెక్టర్‌నే పట్టుకుని లాగండి, వైర్లు పట్టి లాగితే లోపల పిన్ను ఊడుతుంది. పిన్నుల మీద పచ్చగా చిలుము కనిపిస్తే ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి, చాలాసార్లు అసలు జబ్బు అక్కడే ఉంటుంది.

మీటర్‌ని 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి, ముందు రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి ఆనించండి. 0.4 వస్తే ఆ 0.4ని తర్వాత వచ్చే అంకెలోంచి తీసేయాలి. ఇన్‌టేక్ క్యామ్ ఆయిల్ కంట్రోల్ వాల్వ్ (ఇంజిన్ ఇన్‌టేక్ వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్‌తో సర్దేది) లాంటివి కొన్ని బండ్లలో 7 ఓమ్స్ దగ్గరే ఉంటాయి, అక్కడ ఈ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు వాల్వ్ రెండు పిన్నులకూ ప్రోబ్‌లు పెట్టండి. మీటర్ ఓఎల్ (OL) అనో, ఎడమ చివర ఒంటరిగా 1 అనో చూపిస్తే, అంటే కొలత హద్దు దాటిందంటే, తీగ తెగింది. సున్నాకి దగ్గరగా ఉంటే కాయిల్ లోపల షార్ట్, దాన్ని మళ్లీ తగిలించొద్దు, ఎక్కువ కరెంట్ లాగి ఈసీఎంని పాడుచేస్తుంది. వాల్వ్ బాడీ లోహంతో చేసిందైతే ఒక్కో పిన్నుకీ బాడీకీ మధ్య కూడా చూడండి, అక్కడ ఓఎల్ రావాలి. నాలుగు పిన్నుల స్టెప్పర్ ఐడిల్ వాల్వ్‌లో (ఐడ్లింగ్‌లో గాలిని అంచెలంచెలుగా సర్దేది) రెండు కాయిల్స్ ఉంటాయి, రెండూ దాదాపు సమానంగా ఉండాలి. దానికి నేరుగా బ్యాటరీ కరెంట్ మాత్రం ఇవ్వకండి.

ఓమ్స్ సరిగ్గా ఉన్నా కార్బన్ పట్టి వాల్వ్ ఇరుక్కుపోయి ఉండొచ్చు. పర్జ్ వాల్వ్‌ని బండిలోంచి తీసి, కరెంట్ లేకుండా గొట్టంతో గాలి ఊది చూడండి (పీల్చొద్దు, పెట్రోల్ ఆవిరి ఉంటుంది). కరెంట్ లేనప్పుడు అది మూసుకుని ఉండాలి, గాలి అవతలికి పోతుంటే అంకె ఎంత బాగున్నా వాల్వ్ మార్చాల్సిందే.