యూరప్‌లో రైలు టికెట్లు – మూడో పాఠం: ధర పెరిగేవి, పెరగనివి

గత పాఠంలో ఊళ్ల వరుస ఖాయం చేసుకున్నాం: ప్రాగ్, వియన్నా, సాల్జ్‌బర్గ్, మ్యూనిక్, వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్. ఊళ్లు ఏడు, ఒక ఊరి నుంచి తర్వాతి ఊరికి మజిలీలు ఆరు. ఆ ఆరింటినీ నోట్‌బుక్కులో ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన ఒక గడి ఖాళీగా ఉంచండి.

మన దగ్గర స్లీపర్ టికెట్టును రిజర్వేషన్ మొదలైన రోజు కొన్నా, వారం ముందు కొన్నా ఛార్జీ ఒకటే. బెర్తు దొరుకుతుందా లేదా అన్నదే బెంగ. యూరప్‌లో టికెట్టు సాధారణంగా దొరుకుతుంది. ఎంతకు దొరుకుతుందన్నదే బెంగ. దూరం వెళ్లే వేగవంతమైన రైళ్ల ధర విమానం టికెట్టులాగే రోజు దగ్గరపడేకొద్దీ ఎక్కుతుంది. ప్రాంతీయ రైళ్లకు మాత్రం ఎప్పుడు కొన్నా ఒకటే ధర. మీ గడిలో మొదటి రకానికి ‘పె’ అని, రెండో రకానికి ‘స్థి’ అని రాయండి. ఈ పాఠమంతా ఆ రెండు అక్షరాలే.

ప్రాగ్–వియన్నా సుమారు నాలుగు గంటల ప్రయాణం: ‘పె’. చెక్ రైల్వేతో రెజియోజెట్ అనే ప్రైవేటు సంస్థ పోటీ పడుతుంది కాబట్టి రెండు చోట్లా ధర చూడండి. వియన్నా–సాల్జ్‌బర్గ్ కూడా ‘పె’. అక్కడ ఆస్ట్రియా రైల్వేకు వెస్ట్‌బాన్ అనే ప్రైవేటు సంస్థ పోటీ. ఒకరి టికెట్టుతో మరొకరి బండి ఎక్కకండి.

సాల్జ్‌బర్గ్–మ్యూనిక్ దగ్గర కాస్త ఆగుదాం, నాకు బాగా ఇష్టమైన మజిలీ ఇది. ‘బయర్న్ టికెట్’ అని బవేరియా రాష్ట్రమంతటికీ ఒక రోజు టికెట్టు ఉంది. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా ఇది అక్కడి నుంచే చెల్లుతుంది. ఒకే టికెట్టు మీద ఐదుగురి దాకా వెళ్లవచ్చు. మొదటి మనిషికి పూర్తి ధర, తర్వాత ఒక్కొక్కరికీ కొద్దిగా కలుపుతారు. షరతులు రెండు. పనిదినాల్లో ఉదయం 9 గంటల తర్వాతే ఎక్కాలి. ప్రాంతీయ రైళ్లే ఎక్కాలి. అదే పట్టాల మీద వచ్చే రైల్‌జెట్ అనే వేగరైలు ఎక్కితే జరిమానా తప్పదు. ముందుగా కొంటే మిగిలేదేమీ లేదు కాబట్టి ఆ రోజే కొనండి. గడిలో ‘స్థి’.

మ్యూనిక్–వెనిస్ ‘పె’. బ్రెన్నర్ కనుమ మీదుగా నేరుగా వెళ్లే బళ్లు రోజుకు కొన్నే. అందుకే ఆరింటిలో ముందు కొనవలసింది ఇదే. ఇటలీలోని చివరి రెండు మజిలీలూ ‘పె’యే. 2012లో ఇటాలో అనే ప్రైవేటు సంస్థ వచ్చినప్పటి నుంచి అక్కడా పోటీ ఉంది. ఫ్లోరెన్స్ నుంచి పీసా చూసి రావాలనుకుంటే అది ప్రాంతీయ రైలు, ‘స్థి’.

అన్నిటికన్నా చవకైన ‘పె’ టికెట్టు సాధారణంగా ఆ ఒక్క బండికే చెల్లుతుంది. వెళ్లకపోతే డబ్బు తిరిగి రాదు. అందుకే వీసా చేతికి రాకముందే అలాంటి టికెట్టు కొనడం నాకు సాహసమే అనిపిస్తుంది. ధర కొంత ఎక్కినా పర్వాలేదు, ఆగండి.

మరి పాసు, అంటే ఒకసారి కొని చాలా రైళ్లు ఎక్కగలిగే టికెట్టు? ‘పె’ మజిలీల ధరలు కూడండి. పాసు ధరకు సీటు రిజర్వేషన్ ఖర్చు కలిపి దానితో పోల్చండి. ఇటలీ వేగరైళ్లలో పాసు ఉన్నా రిజర్వేషన్‌కు విడిగా కట్టాలి. ఇటాలోలో పాసు చెల్లనే చెల్లదు. తేదీలు తేలకపోతేనో, రోజూ దూరాలు దూకుతుంటేనో పాసు లాభం. మన ఏడూళ్ల వరుసకు విడి టికెట్లే నయమని నా లెక్క. ఇంకో మాట: భారత్ నుంచి వెళ్లేవారికి యూరైల్ అనే పాసు, జర్మనీలో చదువుకుంటూ అక్కడే ఉంటున్న మన పిల్లలకు ఇంటర్‌రైల్ అనే పాసు. అమ్మానాన్నలతో కలిసి తిరిగే కుర్రవాడు వాళ్లకు కొన్న పాసే తనకూ కొనకూడదు.

అభ్యాసం: గురువారం ఉదయం వియన్నాలో బయలుదేరి, సాల్జ్‌బర్గ్‌లో ఐదు గంటలు తిరిగి, రాత్రికి మ్యూనిక్ చేరాలి. మొత్తం నలుగురు. ఏ టికెట్టు ఇప్పుడే కొంటారు, ఏది ఆ రోజు కొంటారు? వియన్నా బండి గంట ఆలస్యమైతే మీకు పోయేదెంత? లెక్క వేసి ఉంచండి, వచ్చే పాఠం అక్కడి నుంచే.