డాక్టర్ హూ పాత ఎపిసోడ్లు కనిపించడం లేదా? సమస్య, కారణం, పరిష్కారం

బీబీసీ 1963లో మొదలుపెట్టిన సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ని మొదటి నుంచి వరసగా చూద్దామని కూర్చున్నవాళ్లకు త్వరలోనే చిరాకు పుడుతుంది. జాబితాలో ఒక కథ పూర్తిగా ఉండదు. ఇంకో కథ రెండో భాగం నుంచి నాలుగో భాగానికి దూకుతుంది. మరోచోట ఉన్నట్టుండి నటుల బదులు గీసిన బొమ్మలు మాట్లాడతాయి. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా, కస్టమర్ కేర్‌తో వాదించినా ఈ చిక్కు తీరదు. కనిపించని ఎపిసోడ్ పేరు మారి కళ్ల ముందే ఉండొచ్చు, హక్కుల దగ్గర ఆగిపోయి ఉండొచ్చు, లేదా బీబీసీ దగ్గర కూడా లేకపోవచ్చు. ఏ రకమో తేలితేనే దారి దొరుకుతుంది.

అన్నిటికంటే ముందు, స్ట్రీమింగ్ యాప్ జాబితాను నమ్మకండి. కథ పేరు, ఎన్ని భాగాలు, ప్రసారమైన తేదీలు ఉన్న జాబితా ఒకటి వేరే పెట్టుకుని, దాంతో పోల్చి చూడండి.

సమస్య: కథ పేరుతో వెతికితే ఏమీ రావడం లేదు

కారణం: 1966 దాకా ఒక్కో భాగానికి ఒక్కో పేరు ఉండేది. ఇప్పుడు ‘ది డాలెక్స్’ అని పిలిచే ఏడు భాగాల కథలో మొదటి భాగం తెర మీద పడే పేరు ‘ది డెడ్ ప్లానెట్’. ‘ది సావేజెస్’ కథ నుంచే ఒకటో భాగం, రెండో భాగం అని అంకెలు వేయడం మొదలైంది.

పరిష్కారం: సీజన్ తెరిచి, తేదీల వరసన కిందికి వెళ్లండి. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

సమస్య: మొట్టమొదటి కథే లేదు

1963 నవంబర్ 23న వచ్చిన ‘ఆన్ అనర్త్‌లీ చైల్డ్’ సంగతి ఇది. 2023 నవంబర్‌లో, అరవై ఏళ్ల పండుగకు, బీబీసీ తన స్ట్రీమింగ్ సేవ ఐప్లేయర్‌లో 800కు పైగా ఎపిసోడ్లు ఒకేసారి పెట్టింది. కానీ కథ ఎక్కడ మొదలైందో ఆ నాలుగు భాగాలే అందులో లేవు.

కారణం: ఇవి పోలేదు, చక్కగా భద్రంగా ఉన్నాయి. రచయిత ఆంథొనీ కోబర్న్ 1977లో చనిపోయారు. ఆయన రాసినదాని మీద హక్కు వారసుల చేతిలో ఉంది, ఒప్పందం కుదరలేదు. ఒక కథ డిస్కు మీద ఉండి స్ట్రీమింగ్‌లో లేకపోతే ముందుగా హక్కుల తగాదానే అనుమానించండి.

పరిష్కారం: ఒప్పందం కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. 2006లో వచ్చిన ‘ది బిగినింగ్’ డీవీడీ పెట్టెలో మొదటి మూడు కథలూ ఉన్నాయి, పాతది దొరికితే తీసుకోండి. సీరియల్ ఎంత చీకటిగా, ఎంత భయంగా మొదలైందో తెలియాలంటే ఆ మొదటి భాగం చూసి తీరాలి.

సమస్య: కథ మధ్యలో భాగాలు లేవు, లేదా బొమ్మలతో ఉన్నాయి

అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

కారణం: విలియం హార్ట్‌నెల్, ప్యాట్రిక్ ట్రౌటన్ డాక్టర్‌గా నటించిన 1963–69 మధ్య 253 ఎపిసోడ్లు ప్రసారమయ్యాయి. అప్పట్లో రెండంగుళాల వీడియోటేపు చాలా ఖరీదు. ప్రసారం అయిపోయాక చెరిపి, ఇంకో కార్యక్రమానికి వాడేవారు. నటుల సంఘంతో ఉన్న ఒప్పందాల వల్ల పునఃప్రసారానికి పరిమితులు ఉండేవి. పైగా కలర్ వచ్చాక నలుపు తెలుపు కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారన్న ఆలోచన. విదేశీ స్టేషన్లకు అమ్మడానికి 16 ఎంఎం ఫిల్మ్ కాపీలు తీసేవారు. గడువు తీరాక వాటిని తిప్పి పంపాలి, లేదా నాశనం చేయాలి, లేదా తర్వాత కొన్న దేశానికి చేరవేయాలి. 1978లో బీబీసీ సరైన ఫిల్మ్, వీడియోటేపు లైబ్రరీ పెట్టుకునే వేళకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

మిగిలినవి ఆ ఫిల్మ్ కాపీల పుణ్యమే. 1992లో ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ నాలుగు భాగాలూ హాంకాంగ్ నుంచి తిరిగి వచ్చాయి. నైజీరియాలోని జోస్‌లో తొమ్మిది ఎపిసోడ్లు దొరికాయని 2013 అక్టోబర్‌లో ప్రకటించారు. దాంతో 106గా ఉన్న పోయిన ఎపిసోడ్ల లెక్క 97కు దిగింది. ఆ దొరికినవాటిలో ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ కథ ఉంది, దాని మూడో భాగం మాత్రం లేదు. సీరియల్‌కు అంత ముఖ్యుడైన సైనికాధికారి పాత్ర లెత్‌బ్రిడ్జ్-స్టీవర్ట్ తొలిసారి కనిపించేది ఆ భాగంలోనే.

పరిష్కారం: దృశ్యం పోయింది గానీ శబ్దం పోలేదు. ఆ రోజుల్లో అభిమానులు ఇళ్లలో టేప్ రికార్డర్ పెట్టి ప్రసారమవుతుండగా రికార్డు చేసుకున్నారు. ఆ అభిమానుల శ్రద్ధ వల్ల పోయిన ప్రతి ఎపిసోడ్ ఆడియో ఈనాటికీ ఉంది, వ్యాఖ్యానం జోడించి బీబీసీ విడుదల చేసింది. దానికి తోడు, జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ టీవీ తెరను ఫొటోలు తీసేవాడు, చాలా ఎపిసోడ్ల ఫొటోలు మిగిలాయి. యానిమేషన్లు ఆ శబ్దానికి గీసినవే: 2016లో ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ ఆరు భాగాలూ, 2021లో ఇందాక చెప్పిన మూడో భాగం. నన్నడిగితే యానిమేషన్ కంటే ముందు ఫొటోలు చూస్తూ ఆడియో వినండి. ట్రౌటన్ గొంతులోని చిలిపితనం, అంతలోనే వచ్చే గాంభీర్యం అలా విన్నప్పుడే బాగా పట్టుబడతాయి. ఏడు భాగాలూ పోయిన 1964 నాటి ‘మార్కో పోలో’ కోసమైతే ‘ది బిగినింగ్’ పెట్టెలోనే ఫొటోలతో కూర్చిన అరగంట సంక్షిప్త రూపం ఉంది.

భాగం లేదని కథ మొత్తం వదిలేయకండి. ‘ది టెన్త్ ప్లానెట్’ నాలుగో భాగం పోయింది, కానీ డాక్టర్ రూపం మారి హార్ట్‌నెల్ స్థానంలో ట్రౌటన్ వచ్చే ఆ చివరి క్షణాల ముక్క వేరే కార్యక్రమంలో వాడుకోవడం వల్ల బతికింది.

సమస్య: 1970ల కథ నలుపు తెలుపులో వస్తోంది

మీ టీవీలో తప్పేమీ లేదు. కలర్ టేపు చెరిపేశాక నలుపు తెలుపు ఫిల్మ్ కాపీయే మిగిలిన ఎపిసోడ్లు కొన్ని ఉన్నాయి. ‘ఇన్వేజన్ ఆఫ్ ది డైనోసార్స్’ మొదటి భాగం అలాంటిదే. ఫిల్మ్ మీద చిన్న చుక్కలుగా మిగిలిన రంగు సంకేతాన్ని చదివి కొన్నిటికి రంగు తిరిగి తెచ్చారు. డిస్కులో ఆ రూపం ఉందేమో చూసుకోండి.

సమస్య: మా దేశంలో అసలు తెరుచుకోవడం లేదు

ఐప్లేయర్ బ్రిటన్‌లో ఉన్నవాళ్లకే, వాళ్లకూ టీవీ లైసెన్స్ ఉండాలి. బర్మింగ్‌హామ్‌లో ఉన్న మీ చెల్లెలికి వచ్చేది హైదరాబాద్‌లో మీకు రాదు. బ్రిటన్ నుంచి డిస్కులు తెప్పిస్తే అట్ట మీద రీజియన్ గుర్తు (ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పేది) చూడండి: అక్కడి డీవీడీ 2, మనది 5. బ్లూరేలో వాళ్లది బీ, మనది సీ. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ ఉంటే ఈ తలనొప్పి ఉండదు.

ఇక అసలే లేని ఎపిసోడ్ల విషయానికొస్తే, అవి పాత టీవీ స్టేషన్ల గిడ్డంగుల్లో, విడి వ్యక్తుల సేకరణల్లో దొరుకుతూ వచ్చాయి. మీ బంధువుల్లో ఎవరైనా విదేశీ టీవీ స్టేషన్లో పనిచేసి, ఇంట్లో 16 ఎంఎం రీళ్ల డబ్బాలు ఉంచుకుని ఉంటే, వాటి మీద రాసిన పేర్లు ఒకసారి చదవండి. డబ్బా తెరిచినప్పుడు వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ పాడవడం మొదలైనట్టే. ఆశకొద్దీ ప్రొజెక్టర్‌లో వేసి చూడకండి, రీలు తెగిపోతుంది. చల్లటి, పొడి చోట పెట్టి, లేబుల్ ఫొటో తీసి, బీబీసీ ఆర్కైవ్‌కో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కో రాయండి.