పాత ఫోటోలు బాగుచేయించి పటం కట్టించడం – 3వ పాఠం: స్టూడియోకి రాసివ్వాల్సిన చీటీ

ట్రంకుపెట్టెల్లోంచి, ఆల్బమ్‌ల్లోంచి ఫోటోలు చిరగకుండా బయటికి తీయడం మొదటి పాఠంలో చూశాం. తడి తగలకుండా మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపడం రెండో పాఠంలో చెప్పుకున్నాం. ఇప్పుడు ఫోటో స్టూడియోకి వెళ్తుంది. శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఈ పని బాగా చేసే చేతులున్నాయి. కానీ మీ తాతగారి ముఖం ఎలా ఉండేదో ఆ చేతులకి తెలీదు కదా. అది చెప్పాల్సింది మీరే.

ముందు టైమ్ గురించి ఒక మాట. మన ఇళ్లలో ఫోటో గుర్తొచ్చేది చాలాసార్లు మనిషి పోయాకే. పెద్దకర్మ నాటికి దండ వేయడానికి పటం కావాలి. ఆ హడావుడిలో ఏదో పెళ్లి గ్రూప్ ఫోటోలోంచి తల కత్తిరించి, వెనక నీలం రంగు వేసి, నున్నగా చేసి ఇచ్చేస్తారు. రెండ్రోజుల్లో కావాలంటే ఎవరైనా అంతే చేయగలరు. అందుకే ఏ తొందరా లేనప్పుడు, ఆ ముఖాన్ని కళ్లారా చూసిన పెద్దవాళ్లు ఒక్కరైనా ఇంట్లో ఉండగానే ఈ పని పెట్టుకోండి. నత్తు ఏ వైపు ఉండేదో, కనుబొమ్మ మీద గాటు నిజమో కాదో మేనత్తే చెప్పగలదు, కంప్యూటర్ చెప్పలేదు.

ఇక చీటీ. మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, భూతద్దం పెట్టి ఫోటోని అంగుళం అంగుళం చూడండి. కనిపించిన ప్రతి మచ్చనీ ఒకటే అడగాలి: ఇది మనిషిదా, కాగితానిదా? తేల్చుకోవడానికి ఒక సులువుంది. ఫోటోని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. పైన పడిన గీత, బూజు, ఈగ మరక అయితే అక్కడ కాగితం మెరుపు తెగిపోతుంది. పుట్టుమచ్చ అయితే మెరుపు చెదరదు, మచ్చ బొమ్మ లోపలే ఉంటుంది. పాత నలుపు తెలుపు ఫోటోల్లో నల్లటి భాగాల మీద అద్దంలా నీలి మెరుపు కనిపిస్తే కంగారు పడకండి. ఫోటోలో ఉన్న వెండి చెమ్మకీ గాలికీ పైకి తేలింది. దాన్ని గుడ్డతో రుద్దితే బొమ్మే పోతుంది. స్కాన్ చేశాక కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు.

మన వైపు ముసలమ్మల ఫోటోలకి ఇది మరీ ముఖ్యం. గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు, చేతి మీద పచ్చబొట్టు, ముక్కుపుడక, బులాకీ ఇవన్నీ సాఫ్ట్‌వేర్ కంటికి మరకలే. ఒక్క క్లిక్‌తో మాయమైపోతాయి. చీటీలో ఇలా రాయండి: “గడ్డం మీద మూడు చుక్కలు పచ్చబొట్టు, తీయొద్దు. ఎడమ చెంప మీద పెద్ద తెల్ల మచ్చ చెమ్మ మరక, తీసేయాలి. కుడి చెవి దగ్గర కాగితం చిరిగిపోయింది, ఎడమ చెవి కమ్మ చూసి గీయండి. ఒంటి రంగు తెల్లగా చేయొద్దు. ఒంటి మీద లేని కోటు తొడగొద్దు.” చివరి రెండు మాటలూ తప్పకుండా రాయండి. చెప్పకపోతే మీకు నచ్చుతుందనుకుని వాళ్లే చేసేస్తారు.

ఫోటో తిరగబడి ప్రింటయ్యిందేమో కూడా చూడండి. నెగెటివ్ తిరగేసి వేస్తే కుడి ఎడమలు మారిపోతాయి. పమిట కుడి భుజం మీద కనిపిస్తే, మగవాళ్ల చొక్కా బొత్తాల పట్టీ మామూలుకి ఎదురుగా ఉంటే అనుమానించాలి. పెద్దవాళ్లని అడిగి, నిజమైతే చీటీలో ఎక్కించండి.

ఈమధ్య ఏఐతో ముఖాలు స్పష్టం చేసే పని ఎక్కువైంది. గీతలు తీయడానికి, మడత పోగొట్టడానికి అది మంచిదే, పని త్వరగా అవుతుంది. చిక్కంతా కళ్లూ నోటి దగ్గర. గ్రూప్ ఫోటోలో శనగ గింజంత ముఖంలో లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది? అది వేరే వేల ముఖాలు చూసి నేర్చుకున్న కళ్లని తెచ్చి పెడుతుంది. ఫోటో మెరిసిపోతుంది, మనిషి మాత్రం మారిపోతాడు. మసకగా ఉన్న మన తాతే నాకు ముద్దు, స్పష్టంగా ఉన్న పరాయివాడు కాదు. కాబట్టి ముఖం మీద ఏఐ వాడొద్దని ముందే చెప్పండి. వాడి ఉంటే, వాడకముందు ఫైల్ కూడా అడిగి తీసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి, ఏం చేశారో చెప్పకుండా ఇంట్లో పెద్దవాళ్లకి చూపించి “ఇదెవరు?” అనండి. వాళ్లు రెండు క్షణాలు ఆగి చెప్తే ఆ పని తిప్పి పంపాల్సిందే.

స్కాన్ దగ్గర కక్కుర్తి వద్దు. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే స్కాన్ చేయమనండి. పసుపు మరకలు రంగులో విడిగా తెలుస్తాయి, తీయడం సులువు. లెక్క ఇదీ: ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు (300 డీపీఐ) కావాలి. 2 అంగుళాలు 3 అంగుళాల చిన్న ఫోటోని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 4×6 సైజుకి సరిపోతుంది. గోడకి 8×12 కావాలంటే 1200 ఉండాలి. ఫైల్ టిఫ్‌లో (వివరాలు పోకుండా దాచే ఫైల్ రకం) అడగండి, జేపెగ్ (చిన్న ఫైల్) వాట్సాప్‌లో పంపుకోవడానికి. ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయించండి. మన తీరం నుంచి బర్మా వెళ్లొచ్చిన కుటుంబాల ఫోటోల వెనక రంగూన్ స్టూడియో ముద్ర ఉండొచ్చు. ఆ ముద్రా, పక్కన పెన్సిల్‌తో రాసిన పేరూ ఉంటే ఆ ఫోటో ఎవరిదో మనవలకి తెలుస్తుంది.

ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, లాగనివ్వొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలా ఇంట్లోకి నీళ్లొస్తే, తడిసిన ఫోటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది. లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా కెమెరాతో తీయించండి, రెండు పక్కల నుంచీ లైటు ఏటవాలుగా పెట్టి. ఆఫీసుల్లో ఉండే పల్చటి స్కానర్లకి అద్దం వెనకున్న బొమ్మ మసగ్గా వస్తుంది. లామినేషన్ మాట ఎవరెత్తినా వద్దనండి. ఒకసారి చేశాక మళ్లీ ఊడదు.

పటం కట్టేచోట కూడా నాలుగు మాటలు చెప్పాలి. గోడకి ఎక్కేది కాపీ మాత్రమే. అసలు ఫోటో ఆమ్లం లేని కాగితంలో చుట్టి బీరువాలో పెట్టండి, అటక మీద వద్దు. ప్రింటు అద్దాన్ని తాకకూడదు, మధ్యలో మౌంట్ బోర్డు (ప్రింటు చుట్టూ చట్రంలా పెట్టే మందపాటి అట్ట) పెట్టమనండి. వెనక అట్ట అంచుల చుట్టూ కాగితం టేపు వేయిస్తే పురుగు దూరదు. కింది రెండు మూలలా వెనక కార్కు ముక్కలు అంటించమనండి. మన దగ్గర వానాకాలంలో గోడలు చెమరుస్తాయి, పటానికీ గోడకీ మధ్య గాలి ఆడాలి.

పటానికి పెట్టే బొట్టు సంగతీ చూడాలి. గంధం, కుంకుమ తడిగా పెట్టి, మర్నాడు తడిగుడ్డతో తుడుస్తాం. ఆ నీళ్లు అద్దం మీద నుంచి జారి కింది అంచులో దిగుతాయి. అక్కడి నుంచి మౌంట్ పీల్చుకుంటుంది. చాలా పటాల్లో బూజు కింది అంచు నుంచే మొదలయ్యేది ఇందుకే. గంధం గట్టిగా కలిపి చిన్న బొట్టు పెట్టండి, పొడిగుడ్డతో తుడవండి. దీపం పటానికి సరిగ్గా కింద పెట్టకుండా కాస్త పక్కకి జరపండి, పొగా వేడీ తగలవు.

ఈ వారం పని: ఇంట్లో ఒక్క ఫోటో ఎంచుకుని చీటీ రాయండి. “తీయాలి”, “తీయొద్దు” అని రెండు వరసలు. రాసింది ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించి, వాళ్లు దిద్దినవి ఎర్ర పెన్నుతో ఎక్కించండి. స్టూడియోకి ఆ చీటీ జిరాక్స్ ఇచ్చి, అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. ప్రింటు చేతికొచ్చాక ఒక్కో వరసా టిక్ పెట్టుకుంటూ చూసి, ఆ తర్వాతే మిగతా డబ్బులివ్వండి. 4వ పాఠంలో ఎర్రబారిన కలర్ ఫోటోలు.