భూమిలో డ్రిప్పు – పాఠం 4: కనపడని డ్రిప్పర్‌ను పట్టుకోవడం

పోయిన పాఠంలో లేటరల్స్ (డ్రిప్పర్లుండే సన్న పైపులు) ఎంత లోతులో పాతాలో చూశాం. పాతేశాం, మట్టి కప్పేశాం. ఇప్పుడు ఏ డ్రిప్పర్ పనిచేస్తోందో ఎలా తెలుస్తుంది? పైన పరిచిన డ్రిప్పు అయితే తోటలో ఓ చుట్టు తిరిగి, చుక్క పడని చోట వేలితో తట్టి, పిన్నుతో పొడిచి (పొడవకూడదు గానీ అందరం పొడుస్తాం) వచ్చేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు. ఆకు ముడుచుకునే దాకా ఆగితే బత్తాయిలో పిందె రాలడం మొదలైపోతుంది.

అందుకే నీళ్ల మీటరూ ప్రెషర్ గేజూ కలిపి చదవాలి. ఒక్కటే చూస్తే మోసపోతాం.

ఎకరంలో 110 బత్తాయి చెట్లు, చెట్టుకు 4 డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు 4 లీటర్లది అనుకుందాం. గంటకు 1,760 లీటర్లు, అరగంటకు 880. లైన్లన్నీ నిండి గేజ్ ముల్లు కదలకుండా నిలబడ్డాక మీటరు రాసుకుని, అరగంటకు మళ్లీ చూడండి. 704 వచ్చిందనుకోండి, ఐదో వంతు తగ్గినట్టు. వెంటనే టెన్షన్ పడి డ్రిప్పర్లు కడగడానికి యాసిడ్ డబ్బా తీయకండి, ముందు సబ్‌మెయిన్ (లేటరల్స్ కి నీళ్లిచ్చే పెద్ద పైపు) గేజ్ చూడండి. మామూలు డ్రిప్పర్లలో నీళ్లు దాదాపుగా ప్రెషర్ వర్గమూలం లెక్కన తగ్గుతాయి. ప్రెషర్ 1 కిలో (చదరపు సెంటీమీటరుకు) ఉండాల్సిన చోట 0.64 ఉంటే వచ్చేది ఆ 704 లీటర్లే, అంటే డ్రిప్పర్ల తప్పేం లేదు, ఫిల్టర్ జామైందో బోరు తగ్గిందో చూసుకోవాలి. గేజ్ 1 కిలో చూపిస్తూ 704 వస్తే మాత్రం మూసుకుపోయినట్టే. నీళ్లు ఎక్కువ పోతూ ప్రెషర్ పడిపోతే ఎక్కడో పైపు తెగింది, ఎలుకలున్న తోటలో ఇది మామూలే.

మీటరు మొత్తం చెబుతుంది గానీ ఎక్కడో చెప్పదు. దానికి తవ్వాల్సిందే. లైను మొదట్లో, మధ్యలో, చివర, పైపుకి జానెడు దూరం దాకా పార, ఆ తర్వాత చెయ్యి. డ్రిప్పర్ కింద డబ్బా పెట్టి 3 నిమిషాలు పట్టండి, 200 మిల్లీలీటర్లు రావాలి.

మా తోటలో చివరి వరసలో సగం కూడా రాలేదు. బ్లేడుతో పైపు కోసి చూస్తే డ్రిప్పర్ దారిలో వెంట్రుకల్లాంటి తెల్లటి వేర్లు, జడ అల్లినట్టు. తడికీ తడికీ మధ్య నేల బాగా ఎండనిస్తే వేరు నీటి నోటినే వెతుక్కుంటూ పోతుంది. మిట్ట వైపు డ్రిప్పర్‌లో ఇంకో కథ, లోపలంతా ఎర్రటి బురద. మోటారు ఆగగానే లైన్లో నీళ్లు పల్లానికి జారిపోతాయి, మిట్టన గాలి చొరబడే దారి లేకపోతే డ్రిప్పరే బురదనీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. అక్కడ ఎయిర్ వాల్వ్ పెట్టకుండా డబ్బులు మిగిల్చింది నేనే.

ఈ వారం పని: ఒక్కో వాల్వ్‌కి అరగంట మీటరు, గేజ్ రీడింగ్ తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే పాఠంలో లైను చివర ఫ్లష్ చేద్దాం, వచ్చే మురికిని పారబోయకుండా ఓ సీసాలో పట్టి ఉంచండి.